మిరప ముట్టని చేతులు

నవంబర్ 12

గుంటూరులో ఐదో నెల స్కాన్. డాక్టర్ స్క్రీన్ తనవైపు తిప్పుకున్నప్పుడే భయమేసింది. బిడ్డకి రెండు కిడ్నీలూ లేవు. ఉమ్మనీరు లేదు, ఊపిరితిత్తులు పెరగవు. పుట్టినా గంటో, రెండు గంటలో అన్నారు. తీయించుకోవచ్చన్నారు.

గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది, తనకేమీ తెలియనట్టు. నాకు పిచ్చి కోపం వచ్చింది.

నవంబర్ 19

తీయించుకోను. చెప్పేశాను. మా ఆయన వీరబాబు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

డిసెంబర్ 20

పాలియేటివ్ కేర్ నర్సు జోహరాబీ గారిని కలిశాను. పుట్టాక ట్యూబులేవీ వద్దన్నాను. నొప్పి లేకుండా మేం చూసుకుంటాం అన్నారు. ముందు ఎవరు ఎత్తుకుంటారు, పేరేమనుకుంటున్నారు, ఫొటోలు కావాలా అని అడిగారు. నిండు నూరేళ్లు బతికే బిడ్డ గురించి అడిగినట్టే అడిగారు. ఐదు వారాల తర్వాత ఇవాళ కడుపు నిండా తిన్నాను.

వీరబాబు లోపలికి రాలేదు. వెళ్లిపోయే బిడ్డ మొహం చూసి ఏం చేసుకోను అని బైక్ మీదే కూర్చున్నాడు.

జనవరి 21

మిరప కోతలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లుగా కోత ముఠాకి మా అత్తయ్య కోటిరత్నమే పెద్ద. ఈ ఏడు చేలోకి దిగనంది. కాయ ఘాటు ఎంత కడిగినా రెండ్రోజులు చేతుల్ని వదలదు, ఆ చేతుల్తో పసిగుడ్డుని ముడితే ఒళ్లు మండిపోదటే అంది. బిడ్డ మార్చిలో కదా అంటే, నీ బిడ్డ కేలెండర్ చూసుకుని వస్తుందా అని కసిరింది.

ఫిబ్రవరి 9

వీరబాబు కూడా కాయ ముట్టడం మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. కళ్లం గట్టున నిలబడి, చేతులు జేబులో పెట్టుకుని కూలీలకి పని చెబుతున్నాడు. ఏరా, దొరబాబువయ్యావా అని ఊళ్లో ఒకటే నవ్వులట. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మార్చి 2

కదిలింది. లోపల చోటే లేదు, అయినా కదిలింది!

మార్చి 9

జరిగింది ఏడో తారీఖున. ఇవాళ రాయగలుగుతున్నాను.

మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బేసింది. కళ్లం నిండా ఎండుకాయలు. అందరూ పట్టలు తీసుకుని పరుగెత్తారు. వీరబాబు అన్నీ మర్చిపోయి రెండు చేతులా కాయలు పోగేశాడు. గంట తిరక్కుండా నాకు నొప్పులు.

ఆస్పత్రిలో సబ్బు, కొబ్బరినూనె, పెరుగు, అన్నీ రుద్దాడట. వేలు నాలుక మీద పెట్టుకుని చూస్తే ఇంకా మంటే. నెల రోజులు కాపాడుకుని ఇవాళే పాడుచేశానే అని గోడకి తల కొట్టుకున్నాడట. గ్లవ్స్ ఇస్తే, నా బిడ్డని రబ్బరుతో ముట్టుకోనన్నాడు.

5:10కి పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు, చిన్నగా మూలిగింది. అత్తయ్య తన పాత నూలు చీర ముక్కలో చుట్టింది. ఇరవై ఒకటో రోజు దాకా ఎక్కడ ఆగుతాం అంటూ చెవిలో మూడుసార్లు భానుశ్రీ అని పిలిచి నాకిచ్చింది. కనురెప్పలకి వెంట్రుకలు కూడా ఉన్నాయి. గంట కోసం వచ్చేవాళ్లకి అంత పొందిక ఎందుకు? చూస్తూ ఉండిపోయాను.

జోహరాబీ గారు వీరబాబుని నా మంచం మీద వెనక్కి ఆనించి కూర్చోబెట్టారు. చొక్కా విప్పించి, ఛాతీ తుడిచి, పాపని దాని మీద పడుకోబెట్టారు. పడిపోకుండా వీపు మీద నేను చెయ్యి వేశాను. ఆయన చేతులు రెండూ దూరంగా గాల్లో పెట్టాడు. నలభై నిమిషాలు. భుజాలు వణికిపోతున్నాయి, దించలేదు. పాప అక్కడే ఆయన గుండె మీద ఊపిరి ఆపేసింది.

మొత్తం గంటా నలభై నిమిషాలు. అందులో మనుషులు ముట్టుకోకుండా ఒక్క నిమిషం లేదు. అంత నిండైన బతుకు నేనెక్కడా చూడలేదు.

ఏప్రిల్ 3

మధ్యాహ్నం వీరబాబు వెల్లకిలా నిద్రపోతున్నాడు. చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. వెళ్లి ఛాతీ మీద నా అరచెయ్యి పెట్టాను. అప్పుడు దించాడు.