రెక్క కనబడని ఈగ

జూన్ 4
సమ్రుయ్ పిన్ని తట్టల్లో పట్టుపురుగులు మళ్ళీ నల్లబడి చస్తున్నాయి. ఇది ఈగ పనే. దాని పిల్ల పురుగు లోపల పెరుగుతుంది, చివరికి గూటికి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. దారం తెగిన గూడు ఎవరికి కావాలి? పోయిన బ్యాచ్ సగం అలాగే పోయింది. ఈసారి గదికి చుట్టూ దోమతెర కట్టాం. అయినా చస్తూనే ఉన్నాయి.

తెర బయట ఒక ఈగ దొరికింది. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను, చలికి కాసేపు కదలకుండా ఉంటుందని. ఫోన్‌కి చిన్న లెన్స్ తగిలించి ఫోటో తీసి, మా సురిన్ జిల్లా పట్టు రైతుల గ్రూపులో పెట్టాను. తీసే ముందు తల దువ్వుకున్నాను. ఫోటో ఈగకా నీకా, అంది పిన్ని.

జూన్ 5
ప్రచక్ సార్ జవాబిచ్చారు. ఇక్కడి పట్టు కేంద్రం నుంచి ఎక్కడో ఉత్తరాన నాన్ జిల్లాకి బదిలీ అయి రెండేళ్ళవుతున్నా గ్రూపులోంచి వెళ్ళలేదు. ఆ లెన్స్ ఆయనదే.

అనుమానం రెండు ఈగల మీదట. ఒకటి పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, దానికి తెర చాలు. రెండోది తోటలోనే ఆకు మీద పెడుతుంది, పురుగు ఆకుతో పాటు మింగేస్తుంది. దానికి ఎన్ని తెరలు కట్టినా దండగే. పైనుంచి చూస్తే రెండూ కవలల్లా ఉంటాయట. రెక్కలో నరం ఎక్కడ మలుపు తిరిగిందో కనబడాలన్నారు. నా ఫోటోలో రెక్కే సరిగ్గా పడలేదు.

చివర ఇంకో ముక్క రాశారు. ఫోటోతో తేలకపోతే నేనే వస్తాను, అని.

గ్రూపులో అందరూ చదివారు. నాలా ఎవరూ చదివి ఉండరు.

జూన్ 6
రెక్క కనబడకుండా ఫోటో తీయడం చాలా తేలిక.

జూన్ 8
ఇవాళ ఈగ కాలు పంపాను. నిన్న వీపు పంపాను. కాలు బాగుంది లమ్యై, రెక్కేది, అని అడిగారు. నా పేరు పెట్టి అడిగారు.

ఈగనే పోస్టులో పంపరాదా అంది పిన్ని. పోయిన నెల పంపితే ఈ వానలకి దారిలోనే బూజు పట్టిందిగా అన్నాను. అది నిజమే. అయితే ఫోటో అన్నా తిన్నగా తియ్యవే, వేళ్ళకేమైనా వాతం కమ్మిందా, అంది. నాకు ముప్పై తొమ్మిది. వాతం లేదు.

సార్ ఇక్కడున్నప్పుడు సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునేవారు. దారం తీసేశాక మిగిలిన పురుగుల్ని మిరపకాయలేసి వేయిస్తే కబుర్లు చెబుతూ గిన్నె ఖాళీ చేసేవారు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. నాకు పెళ్ళి కాలేదు. ఊళ్ళో నలుగురూ అనుకున్న మాట మేమిద్దరం మాత్రం అనుకోలేదు. వెళ్ళే రోజు బస్టాండులో లెన్స్ నా చేతిలో పెట్టి, ఉంచు, అన్నారు. నేను నోరు తెరిచేలోపు బస్సు వచ్చింది.

నాకు ఆయన కావాలి. రాసేశాను. ఈ పుస్తకం ఎవరు చదువుతారు గనక!

జూన్ 10
ఆకు తరిగే బల్ల మీద ఈగ వాలింది. ముందు కాళ్ళతో మొహం తుడుచుకుని, రెక్కలు రెండూ బారుగా చాపింది. అలవాటుకొద్దీ ఫోన్ నొక్కేశాను. ప్రతి నరం పడింది, మలుపుతో సహా. ఇంత మంచి ఫోటో నా జన్మలో తీయలేదు.

పంపలేదు.

పిన్ని చచ్చిన పురుగుల్ని ఒక్కొక్కటే ఏరుతోంది. ఈ పట్టుతో పంచె నేసి, మనవడు గుళ్ళో బౌద్ధ భిక్షువయ్యే రోజు కట్టించాలని తన ఆశ. ఇవాళ ఎవర్నీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆకు నేనే కోసుకొస్తున్నాను, అడవి అంచు తోట నుంచి. తప్పు ఆకుదే అయితే పూటపూటా నా చేత్తోనే ఈగ గుడ్లు మేపుతున్నట్టు.

జూన్ 10, సాయంత్రం
పంపేశాను.

జూన్ 11
ఆకు మీద గుడ్డు పెట్టేదేనట. అడవి అంచు ఆకు మానేసి, వాగు పక్క తోట ఆకు వేయమన్నారు. ఇప్పటికే మింగినవి దక్కవు, మిగతావి దక్కుతాయన్నారు.

కింద ఇంకో వాక్యం: ఇంత బాగా తీస్తే ఇంక నాకేం పని?

గ్రూపులో అందరూ బొటనవేళ్ళు పెట్టారు. నేనూ పెట్టాను.

జూన్ 20
చావులు ఆగాయి. బతికినవి గూళ్ళు అల్లుతున్నాయి. పిన్ని కూనిరాగాలు తీస్తోంది. సార్ రాకుండానే పనైపోయింది చూశావా అంది. అవునన్నాను. ఈగలు పోయినా నీ మొహం మీద ఇంకా ఏదో వాలినట్టుందేమే, అంది. పెరట్లోకి పోయి ఏడ్చాను.

జూన్ 24
వంటింట్లో చేపల పులుసు గిన్నె మీద ఈగ. ఉత్త వంటింటి ఈగ. చంటిపిల్లలు కూడా చెప్పేస్తారు.

ఫోటో తీశాను. నొక్కేటప్పుడు చెయ్యి కదిలించాను. గ్రూపులో పెట్టలేదు, ఆయన నంబరుకే పంపాను. ఇదేం ఈగ సార్, అని అడిగాను.

జూన్ 25
ఫోటోతో తేలడం లేదట.