ఖాళీ జీపుకి అలైన్‌మెంట్

జూన్ 4
కొరాపుట్‌లో పెట్టే కొత్త షాపు సతీష్‌కట. నాన్న అన్నం తింటూ చెప్పేశాడు. చెల్లెలి మొగుడై ఈ ఇంటికొచ్చి ఏడాది కాలేదు. నేను పదో తరగతి నుంచి ఈ రాయగడ వీల్ అలైన్‌మెంట్ షాపులో కార్ల కిందే ఉన్నాను. "ఆడికి కంప్యూటర్ మీద సెయ్యి తిరిగింది. నువ్విక్కడుండాల గదరా" అన్నాడు.
కుళ్లుగా ఉంది. ఇక్కడైనా ఒప్పుకుంటాను.

జూన్ 6
కస్టమర్లంతా సతీష్ చుట్టూనే. చక్రాల ముందు అంచులు ఎంత లోపలికి తిరిగాయో, పైభాగం ఎటు వాలిందో తెర మీద రంగుల్లో చూపిస్తాడు. ఎరుపు పచ్చగా మారగానే అందరి మొహాలూ వెలిగిపోతాయి. నేను రోడ్డు మీద నడిపి, స్టీరింగ్ వదిలి చూసి, ఎడమకి లాగుతోందంటే... "సరే సరే."

జూన్ 9
త్రినాథ్ కూడా! గుడారి నుంచి జీపులో అల్లం, వంకాయ బస్తాలు తోలే త్రినాథ్. ఇన్నేళ్లూ నా మనిషి. ఈరోజు నాకు నమస్కారం పెట్టి మరీ సతీష్ దగ్గరికి పోయాడు.
జీపు ఖాళీ. వెనక బరువు పడితే ముక్కు పైకి లేస్తుంది, ముందు చక్రాల కోణాలు మారిపోతాయి, స్టీరింగ్ తేలిపోయి బండి అటూ ఇటూ పోతుంది. అందుకే నేను వెనక ఇసుక బస్తాలు వేశాకే కొలుస్తాను. మెషిన్‌కేం తెలుసు?
చెప్పాలి. చెప్పలేదు. తప్పు చెయ్యనీ, సతీష్ పరువు పోనీ అనుకుని టీకి వెళ్లిపోయాను.

జూన్ 10
ఆ జీపులో మనుషులు కూడా ఎక్కుతారు. పొద్దున్నే అది గుర్తొచ్చింది. త్రినాథ్‌కి ఫోన్ చేశాను. "బరువేసి నడిపేవేటి? స్టీరింగ్ ఎలాగుంది?"
"బాగుందన్నా. బస్తాలేసే సేసేడు గదా ఆయన. నువ్వు టీకెల్లేవు."

జూన్ 11
సతీష్‌నే అడిగాను. "నువ్వు సేత్తంటే సూసేను బావా. అడిగినోళ్లకి నీ పనితనమనే సెప్పేను."
ఇక కోపం ఎవరి మీద తెచ్చుకోను? నాదంటూ ఉన్నది ఆ పనితనమొక్కటే. అదీ పట్టుకుపోతున్నాడు, పైగా మర్యాదగా. వెధవైనా అయ్యుంటే బాగుండేది.

జూన్ 12
వాన. ఇసుక బస్తాలు తడవకుండా లోపలికి లాగాను.

జూన్ 15
చెల్లి ఫోన్. "కొరాపుట్ షాపు తెరిసిన రోజు మొదటి బండి నీ సేత్తోనే అవ్వాలంతన్నారు ఈయన, అన్నయ్యా. నువ్వు రాకపోతే మొదలెట్టరంట." చూస్తానని ఫోన్ పెట్టేశాను.
ఆ బండి తిన్నగా పోతే పేరు సతీష్ షాపుకే. వంకరగా పోతే... ఛీ. నేను చేసిన బండిని వంకరగా ఎలా పోనిస్తాను? అదే నా ఏడుపు.