మామూలు నమస్కారం

మార్చి 4, మంగళవారం

కురమోచి ఇవాళ మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. జైలు నుంచి వచ్చినవాళ్ళు నాలాంటి వాలంటీర్ల ఇంటికి వచ్చి, టీ తాగి, ఎలా ఉన్నారో చెప్పి వెళ్ళాలి. యాభై దాటిన మనిషి. పదిహేడేళ్ళప్పుడు ముఠాలో చేరాడట. ఎడమచేతి చిటికెనవేలు లేదు, ముఠాలో తప్పు చేస్తే కోసివ్వాలట. రబ్బరు వేలు తొడుక్కున్నాడు. గులాబీ రంగు కాస్త ఎక్కువైంది.

కప్పు అందించబోయేసరికి లేచి, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు మోకాళ్ళకు ఆనించి తల వాల్చేశాడు. ముఠాలో పెద్దన్నకు పెట్టే దండం. ఒసాకాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు అది ఎవరి దండమో. అలా వంగకండి అన్నాను. మరెలా వంగాలి సెన్సే అని, నన్ను గురువుగారిని చేసి అడిగాడు, నిజంగానే తెలియక.

మార్చి 18

ప్రాక్టీస్. మడమలు కలిపి, చేతులు పక్కన పెట్టుకుని, నడుం దగ్గర కొంచెం వంగితే చాలు. ఇదేం దండం సెన్సే, జారిపోయిన చెప్పు వెతుక్కుంటున్నట్టుంది అన్నాడు. ఇద్దరం నవ్వాం.

ఇంకో సంగతీ చెప్పాను. బయట ఎదురుపడితే మనం ఒకరికొకరం తెలియదు. నేనేం పని చేస్తానో పేటంతా ఎరుగుదురు. నేను పలకరిస్తే అతను ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పినట్టే.

ఏప్రిల్ 2

పని దొరికింది! సోయా పన్నీరు చేసి అమ్మే ఒగినో బామ్మ టోఫు కొట్టు, పైన ఉండటానికి ఒక గది. బామ్మ దగ్గర ఏదీ దాచలేదు. ఏమయ్యోయ్, ఆ వేలు ఊడి నా టోఫులో పడిందంటే మాంసం టోఫు అని బోర్డు పెట్టి అమ్మేస్తా, జాగ్రత్త, అందట అతనితో.

ఈ పని పోతే గదీ పోతుంది. ముఠా వదిలినవాడికి ఐదేళ్ళ దాకా ఇల్లు అద్దెకివ్వరు, బ్యాంక్ అకౌంట్ ఇవ్వరు. అతనికి తెరిచి ఉండే తలుపు ఆ పాతదొక్కటే.

ఏప్రిల్ 3

వాన. అతను లేచి ఉంటాడా అని తెల్లారకముందే మెలకువ.

మే 20

పిల్లలు టోఫు మామా అని పిలుస్తున్నారట. చెబుతూ చెవులదాకా ఎర్రబడ్డాడు. సోయా పాల ఆవిరి మొహానికి కొడుతుంటే జైలు గుర్తుకు రాదట.

జూన్ 11

వెళ్ళకూడదని తెలుసు. వెళ్ళాను. తెల్ల టోపీలో అతన్ని ఒక్కసారి చూడాలనిపించింది. అతని కోసమా, నేను సాధించానని నాకు నేను చెప్పుకోవడానికా?

కొట్టు ముందు క్యూ. పేట సంఘం మియాకేగారు నా ముందే ఉన్నారు. అతను తలెత్తి నన్ను చూశాడు. చేతిలో పళ్ళెం కింద పెట్టాడు. కాళ్ళు ఎడంగా. చేతులు మోకాళ్ళకు. సెన్సేకి దండాలు అని బజారు బజారంతా మోగేలా అరిచాడు.

క్యూలో తలలన్నీ నా వైపు తిరిగాయి. వీడు కుర్రతనంలో నాటకాల్లో వేషాలేశాడులే, ఇంకా మత్తు దిగలేదు వెధవకి, అంది బామ్మ. ఎవరూ నవ్వలేదు. మియాకేగారు నన్ను చూసి, అతని చేతిని చూసి, టోఫు తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

జూన్ 17

అతను టీ ముట్టలేదు. మిమ్మల్ని చూసిన సంతోషంలో ఒంటికి కొత్త దండం గుర్తు రాలేదు సెన్సే, అన్నాడు. తప్పు నాది అన్నాను. కాదన్నాడు. ఎవరు ఎవరిని ఓదార్చామో తెలియదు.

జూన్ 24

స్కూలు మధ్యాహ్నం భోజనాలకు బామ్మ టోఫు వద్దన్నారు. తల్లులు ఒప్పుకోలేదట. మియాకేగారింటికి వెళ్ళాను. నాకూ జాలే సెన్సే, కానీ మీ ఇంటి పక్కన గది చూడొచ్చుగా అన్నారావిడ. మా పక్కిల్లు ఖాళీగానే ఉంది. ఇంటాయన్ను ఇంతవరకు నేనూ అడగలేదు.

జూన్ 28

అడిగాను. ఇవ్వనన్నాడు.

జూలై 3

బామ్మ వచ్చింది. చేతిలో రుమాలు మూట. తాను పొమ్మనలేదట. నా కొట్టు మునిగితే మునుగుతుంది, నువ్వెక్కడికి రా పోయేది, అని తిట్టిందట కూడా. పొద్దున లేచేసరికి సోయాగింజలు కడిగి నానబెట్టి ఉన్నాయి, గది ఊడ్చి ఉంది, మనిషి లేడు.

మూటలో రబ్బరు వేలు. ఇక దీని అవసరం లేదనుకున్నాడు కాబోలు పిచ్చిసన్నాసి, అని నా గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది.

ఆగస్టు 16

స్టేషన్ వెనక నల్ల కారు. ఎవరో పెద్దన్న దిగేందుకు తలుపు పట్టుకుని అతను. నన్ను చూశాడు. నేను నేర్పినట్టే, ఎవరో తెలియనట్టు చూపు తిప్పుకున్నాడు.

మలుపు తిరిగాక, ఎవరూ లేని సందులో కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు మోకాళ్ళకు ఆనించి, వంగాను.