వెనక్కి కట్టుకున్న చేతులు

బాపూ,

ఈ ఉత్తరం నీకు చేరదు. అయినా ఈ ముచ్చట నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నువ్వు పోయాక మొదటిసారి కాలువకు నీళ్లు వదిలారు. ఇవాళ నా బిడ్డ సరితను తీసుకుని బాన్సువాడ నుంచి మన పొలానికి వచ్చాను. నాలుగేళ్ల పిల్ల, ఊరుకుంటుందా? మడి గట్టుకు గండి కొట్టింది. నీళ్లు పక్క మడిలోకి ఉరికాయి. తమ్ముడు పార పట్టుకుని పరుగెత్తాడు.

"ఆగు తమ్మీ, ఆమెనే కట్టుకుంటది" అన్నాను.

చిన్నప్పుడు నేనూ ఇలాగే గండి కొడితే, "ఫికర్ చెయ్యకు బిడ్డా. నీళ్లు ఎటు పోతున్నయో సూడు. ఎట్ల ఆపాల్నో నువ్వే ఆలోచించు" అన్నావు. చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడ్డావు. అది పెద్దమనిషి దర్జా అనుకున్నాను.

సరిత వేసిన మట్టి వేసినట్టే కొట్టుకుపోతోంది. నేను ఉండబట్టలేక వంగాను.

"నువ్వు రాకే అమ్మా, నేనే కడ్త!"

గడ్డివేళ్లున్న మట్టిపెళ్ల కోసం వెతుకుతూ అది అటు వెళ్లింది. నా చేతులు మళ్లీ ముందుకు పోబోయాయి. వెనక్కి తెచ్చుకుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నాను.

అది దర్జా కాదు కదా, బాపూ.