ఈసారి నీ వంతు

ప్రియమైన బావకి,

కవరు చూడగానే నీకు అర్థమై ఉంటుంది. నువ్వు పనిమీద వేరే ఊళ్లో ఉన్నప్పుడు కోపమొస్తే ఫోన్లో అరుచుకోకూడదు, కాగితం మీద పెట్టాలి, చల్లారాకే ఫోన్ అని పెళ్లయిన కొత్తలో మనమే పెట్టుకున్న నియమం. ఇన్నేళ్లలో నేను రాసిన వాటిల్లో ఇదే పొడుగుది. కూర్చుని చదువు.

మంగళవారం నన్ను క్రేన్ మీద నుంచి దింపేశారు. కంటైనర్ గాల్లో ఉండగా కళ్ల ముందు మెరుపులు మొదలయ్యాయి. వంకరటింకర గీతలు, ఎప్పుడూ నా తలనొప్పికి ముందు వచ్చేవే. సగం రేవు కనపడలేదు. కింద సైగలు చేసే పెద్దాయన చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. బ్రేకు వేసేసరికి పెట్టె ఆయన నెత్తికి జానెడు పైన ఆగింది. ఆయన కూలబడి మంచినీళ్లు అడిగాడు.

డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది ఏం మాత్రలు వాడుతున్నావని. చెప్పాను. ఇలా మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్లు ఈ రకం గర్భనిరోధక మాత్రలు వాడకూడదట, పక్షవాతం ముప్పు పెరుగుతుందట. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా అంది. నీకు చెప్పాను కదా బావా. ఎండకి అయ్యుంటుందిలే అన్నావు.

మాత్రలకి ముందు కాపర్-టీ. చాలామందికి బాగానే పడుతుందట, మా చెల్లికి ఏ బాధా లేదు. నాకు మాత్రం నెలనెలా వరదే. అంత ఎత్తున క్యాబిన్లో, దిగుదామంటే బదులు కూర్చునే మనిషి దొరక్క, సీటు మీద పాత దుప్పటి మడతేసుకుని పని చేశాను. దానికి ముందు మూడు నెలలకోసారి వేసే సూది. అప్పుడేమో ఆగీ ఆగని మరకలు, ఒళ్లొచ్చి నీలం ప్యాంటు మోకాలు దాటలేదు. చూసి నువ్వు పడీ పడీ నవ్వావు. పోనీ కండోమ్ అంటే నీకు చిరాకు.

ఇద్దరు పిల్లలు చాలని అనుకున్నది ఇద్దరం. ప్రయోగాలకి మాత్రం నా ఒళ్లే దొరికింది. మాత్రలు మానేశాను. వచ్చే నెల వైద్య పరీక్షలో నెగ్గితేనే మళ్లీ క్రేన్ ఎక్కనిస్తారు, లేదంటే గోదాములో చీటీలు అంటించుకోవడమే. ఈసారి నీ వంతు. మగవాళ్ల ఆపరేషన్ చాలా చిన్నదట. పావుగంట పని, అదే రోజు ఇంటికి పంపేస్తారట. సెలవు పెట్టి చేయించుకో.

ఇట్లు,
కిందకి దిగిపోయిన నీ క్రేన్ పిల్ల


నా మిరపకాయకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు నీ ఆరోగ్యం చూసుకో, పరీక్ష సంగతి తర్వాత.

ఆపరేషన్ విషయంలో తొందరపడకే. నేనిక్కడ వంతెన మీద ఇనుప దూలాలు బిగించే మనిషిని. అది చేయించుకుంటే నడుం బలం పోతుందట, బరువులెత్తలేరట. నేననడం కాదు, అమ్మే అంది. మొన్న ఫోన్లో అడిగితే, "వద్దురా, రెక్కాడితేగానీ డొక్కాడని బతుకు" అని ఏడ్చినంత పని చేసింది. పెద్దదాని మాట ఎలా తీసిపారేయను చెప్పు?

ఇంకో రకం మాత్రలుంటాయి, డాక్టరమ్మని అడుగు. కాదంటే నువ్వే ఆపరేషన్ చేయించేసుకో. ఎలాగూ కిందనే ఉన్నావు కదా, సెలవు సులువుగా దొరుకుతుంది.

ఎంత తిట్టినా ప్రేమ తగ్గని,
నీ బావ


బావకి,

"ప్రియమైన" ఈసారి లేదు, వెతుక్కోకు.

"ఎలాగూ కిందనే ఉన్నావు కదా" అన్న ముక్క ఎన్నిసార్లు చదివితే అన్నిసార్లూ ఒళ్లు మండింది. నీ ఉత్తరం పట్టుకుని వెనక వీధిలో అత్త ఇంటికి వెళ్లాను, కడిగిపారేద్దామని. పెరట్లో బట్టలారేస్తోంది. నీ కొడుకు బలం పోతుందని ఏడ్చావట, నా నెత్తురు పోయినప్పుడు ఎక్కడికెళ్లావని గట్టిగానే అడిగాను. అత్త నోట్లో ఉన్న క్లిప్పు తీసి, ఉత్తరంలో తన మాటలున్న చోటు చదవమంది. చదివాను. తడి దుప్పటి బకెట్లో పడేసి లోపలికొచ్చి కూర్చుంది. వాడు నన్ను అలాంటిదేం అడగలేదే అంది. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగి ఫోన్ పెట్టేశావట.

ఇక్కణ్నుంచి అత్త చెబుతోంది, నేను రాస్తున్నాను.

"ఒరేయ్ అబ్బాయ్, నా పేరు మీద బొంకడానికి నీకు నోరెలా వచ్చిందిరా? నువ్వు పుట్టాక నాకు లూపు వేశారు, ఇప్పటి కాపర్-టీ లాంటిదే. అది పడక, నెత్తురు పోయి పోయి వంటింట్లో పడిపోయాను. మీ నాన్న నన్ను ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అది తీయించి, ఆ నెలలోనే తనే వెళ్లి ఆపరేషన్ చేయించుకొచ్చారు. అందరికీ హెర్నియా అని చెప్పింది నేను, ఆయన కాదు. ఆ తర్వాత చచ్చేదాకా లారీలకి బస్తాలెత్తారు. నిన్ను భుజాన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిన బలం ఆపరేషన్ తర్వాతదేరా. భయమైతే భయమని చెప్పు. నా కొంగు చాటున దాక్కోకు."

అత్త బట్టలారేయడానికి వెళ్లింది. మిగతాది నాది.

వేరే మాత్రలున్నాయట, డాక్టరమ్మని అడిగాను. నాకు వాడాలని లేదు. చాలు. నా ఆపరేషన్ కంటే నీది చిన్నదని కూడా ఆవిడే చెప్పింది. చేయించుకున్నాక మూడు నెలలకి పరీక్ష చేసి సరేననేదాకా కండోమ్ తప్పదట. చిరాకైతే ముందుగదిలో పక్క వేస్తాను, హాయిగా పడుకో.

భయమంటే నాకు తెలియదనుకున్నావా? సూదీ, కాపర్-టీ, మాత్రలూ అన్నీ భయపడుతూనే వాడాను. భయంగా ఉందే అని ఒక్క ముక్క రాసి ఉంటే, చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్లేదాన్ని. నువ్వు మీ అమ్మని అడ్డం పెట్టుకున్నావు. నా కోపం దానికి.

మాత్రలు మానాక మెరుపులు మళ్లీ రాలేదు. సోమవారం నా పరీక్ష.

చల్లారేదాకా ఫోన్ లేదన్న నియమం ఇంకా ఉంది. కానీ ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డాక, లోపలికి వెళ్లే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి. భయంగా ఉందని చెప్పు. ఎత్తుతాను.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న నీ పిల్ల