సన్న సూది, లావు సూది

జూన్ 3, 2024, సోమవారం
కడపలో సూది పరీక్ష అయింది. కుడి రొమ్ములో గడ్డ, చెనక్కాయ గింజంత. సన్న సూది గుచ్చి ఏదో లాగి గాజు పలకల మీద పూశారు. చీమ కుట్టినంతే. మా ఆయనతో జమ్మలమడుగు బస్సెక్కాను. దిగాక, ఇంట్లో పాలుండాయా అని అడిగాడు.

జూన్ 6, గురువారం
రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఆయన ల్యాబ్ గుమ్మంలోనే చదివి, క్యాన్సర్ కణాలు కనపడలేదంట సుగుణా అని అరిచాడు. పరీక్ష రాసిన డాక్టరమ్మ ఆ రోజు రాలేదు. ఏమీ లేనిదానికి ఆమెకు చూపించేదేముండాది, పోదాం పా అన్నాడు. నాకూ సబబే అనిపించింది. ఫైల్లో పెట్టి పైన తేదీ వేశాను.

జూన్ 9, ఆదివారం
దేవుడు మేలు చేశాడని చర్చిలో సాక్ష్యం చెప్పాను. మేలు పొందినవాళ్లు లేచి చెప్పాలి, దాచుకోకూడదు. మగవాళ్ల ముందు రొమ్ము అనే మాట రాలేదు. లోపలి జబ్బు అన్నాను. వెనక ఎవరో, కిడ్నీలో రాళ్లేమోలే అని గుసగుసలాడారు.
ఆరాధన అయ్యాక కోయిర్‌లో పాడే నిస్సీ నన్ను పక్కకు పిలిచింది. నేను చెప్పకుండానే నాదేంటో పోల్చుకుంది, తనకూ రొమ్ములో గడ్డంట. డాక్టరు సూది పరీక్ష రాశాడంట. సూది పొడిస్తే అది కదిలి ఒళ్లంతా పాకుతాదని మా అత్త చెప్తాంది, నీకు ప్రార్థనతోనే పోయింది కదక్కా, నాకూ అదే చాలు అంది. నేనూ సూది చేయించుకున్నానని చెప్పాను. నీ విశ్వాసం శానా గొప్పదక్కా అంది. ఆ మాట తీయగా ఉంది. గడ్డ ఇంకా ఉందని చెప్పలేదు.

ఆగస్టు 20, మంగళవారం
ఉసిరికాయంత అయింది. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 4, బుధవారం
గడ్డ మీద చర్మం గుంట పడింది. ఫైలు తీసి, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. ఆయన చదివిన లైను కింద ఇంకోటి ఉంది. పరీక్షకు వచ్చిన కణాలు చాలవు, లావు సూదితో మళ్లీ చేయాలి. ఆయనకు చూపించాను. కళ్లద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు.

సెప్టెంబర్ 6, శుక్రవారం
లావు సూది. అక్కడి వరకే మత్తిచ్చారు. స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని చప్పుడు. తెల్లటి దారప్పోగుల్లాంటి ముక్కలు సీసాలో వేశారు. సూదితో జబ్బు పాకుతుందా అని అడిగాను. నా కోసం కాదు. అది ఉత్త మాటమ్మా, పాకేది ఆలస్యంతోనే అంది డాక్టరమ్మ.

సెప్టెంబర్ 12, గురువారం
క్యాన్సరే. చంకలోకీ వచ్చిందంట.

సెప్టెంబర్ 13, శుక్రవారం
నిస్సీ ఇంటికి పోయాను, చెప్పడానికే. వాళ్ల అత్త తలుపు తీసి, రా సుగుణమ్మా, నీ సాక్ష్యం విన్న కాడ్నుంచీ మా పిల్ల నిమ్మళంగా ఉండాది, ఆసుపత్రి మాటే ఎత్తలేదు అని బొరుగులు పెట్టింది. నిస్సీ వచ్చి నా పక్కన ఆనుకుని కూర్చుంది. బొరుగులు తిని వచ్చేశాను.
ఆదివారం చెప్తాను. సాక్ష్యం చెప్పిన చోటే నిలబడి, రొమ్ము అనే చెప్తాను. పాస్టరయ్యగారి మొగం యెట్ల చూసేది, నీకేమన్నా మతి ఉండాదా అన్నాడాయన. చెప్తానన్నాను.

సెప్టెంబర్ 15, ఆదివారం
నేను లేచేలోపే నిస్సీ లేచింది. నాదీ కరిగిపోతాంది అంది. నా పేరు చెప్పి ఏడ్చింది. అందరూ హల్లెలూయా అన్నారు.
నేనూ అన్నాను.