పొగమంచుకు కొట్టిన హారన్

నాన్నా,

"చదువుకున్నవాళ్ల మధ్య నాకేం పనమ్మా, నేను రాను" అని ఫోన్ పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. చదివి వినిపించేది కండక్టర్ బాబాయి కాబట్టి ఉత్తరాన్ని మధ్యలో ఆపలేవు.

ఇరవై ఐదున ప్రొఫెసర్ల ముందు నా పరిశోధన గురించి మాట్లాడాలి. శని గ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామను ఎప్పుడూ దట్టమైన మసక కప్పి ఉంటుంది. ఎండ ఆ మసకలో ఎటెటు చెదిరి, నేలకు ఎంత చేరుతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టడమే నా పని.

నీ కథతోనే మొదలుపెడుతున్నాను. నా చిన్నప్పుడు పొగమంచులో బస్సు నడుపుతూ హెడ్‌లైట్లు ఫుల్లుగా వేశావు. వెలుగంతా మంచుకు తగిలి నీ కళ్లలోకే తిరిగొచ్చింది. ఎదురుగా తెల్ల లారీ ఉందనుకుని హారన్ కొట్టి, "పక్కకు తియ్యరా, నిద్రపోతున్నావా?" అని అరిచావు. బాబాయి దిగి చూసొచ్చి, "అన్నా, లారీ లేదు, రోడ్డే ఉంది" అన్నాడు.

నువ్వు ముందు వరుసలో కూర్చుంటే తప్పు మంచుదని చెబుతాను. రాకపోతే డ్రైవరుదంటాను.

బాబాయ్, నవ్వింది చాలు, మిగతాది చదువు.

నాన్నా, మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఆ గదిలో నా మనిషి ఒక్కరైనా కనిపించకపోతే ఎవరి వైపు చూసి మాట్లాడను? వస్తున్నానని ఇరవయ్యో తేదీలోగా రాయించి పంపు. రానంటే బాబాయి రాయడు, ముందే మాట్లాడుకున్నాం.

నీ అమ్మడు